మడమలెత్తమన్న డాక్టరమ్మ

మా డాక్టరమ్మ పోయారని చేపలమ్మే ఆమె గుమ్మంలో గంప దించి చెప్పింది. చెప్పి కూర్చోలేదు. గంపెత్తుకుని పక్కింటికి వెళ్లిపోయింది, ఆ కబురు అందరికీ తనే చెప్పాలన్నట్టు. ఆమె కాళ్లకూ నా కాళ్లకూ వైద్యం చేసింది ఆ ఒక్క చెయ్యే.

ఆవిడని ఎరగనివాళ్ల కోసం చెబుతున్నాను. కంచరపాలెం రైలు గేటుకి ఈవల రెండు గదుల ఆస్పత్రి ఆవిడది. స్టీల్‌ప్లాంటుకి ఇంకా పునాదులు తవ్వుతున్న రోజుల్లో నేను మొదటిసారి వెళ్లాను. బళ్లో రోజంతా నల్లబల్ల దగ్గర నిలబడే ఉద్యోగం నాది. రెండో కాన్పు తర్వాత పిక్కల మీద ఎర్రగా, నీలంగా సన్నటి గీతలు సాలెగూడులా అల్లుకున్నాయి. మోకాలి కింద ఒక సిర మెలికలు తిరిగి పైకి తేలింది. సాయంత్రానికి కాళ్లు లాగేసేవి. ఉద్యోగం మానేయమని మా అత్తగారు రోజూ పోరు. పోర్టులో పనిచేసే మా ఆయన మొగ్గూ అటే. బడి మానడమంటే నాకు ప్రాణం పోయినంత పని.

డాక్టరమ్మ నన్ను బల్ల మీద నిలబెట్టి, తను నేల మీద చతికిలబడి చాలాసేపు చూశారు. డాక్టరు రోగి కాళ్ల దగ్గర కూర్చోవడం నేనప్పుడే చూశాను. సన్నటి సూదితో సిరల్లోకి మందు పంపితే వాటి గోడలు అంటుకుని మూసుకుపోతాయని, మెల్లగా మాయమవుతాయని చెప్పారు. మరి ఆ రక్తం ఎటు పోతుందని భయపడ్డాను.

“గేటు పడితే ఊరాగిపోద్దేటి టీచరమ్మా? ఇంకో దారంట ఎల్తారు గదా,” అన్నారు.

కొత్తవి మళ్లీ రావని మాత్రం మాటివ్వలేదు. ఆ నిజాయితీ చూసే కాళ్లు అప్పగించాను.

సూది చీమ కుట్టినట్టుంది, మందు కాసేపు చురచురమంది. దూది పెట్టి, పాదం నుంచి మోకాలి దాకా సాగే కట్టు బిగించి, వెంటనే నడవమన్నారు. నడిచే ఇంటికొచ్చాను. అక్కడ మా అత్తగారు మంచం వాల్చి, తలగడలు పేర్చి, చారన్నం కలిపి ఎదురుచూస్తున్నారు. సూదిమందు వేయించుకున్న మనిషి తిరగడం మా ఇంటా వంటా లేదు. ఆ ప్రేమకి ఎదురు చెప్పలేక పడుకున్నాను. మర్నాడూ లేవనివ్వలేదు. సాయంత్రం కట్టు చూద్దామని డాక్టరమ్మే వచ్చారు. నన్నొక్క మాటా అనలేదు. మా అత్తగారి చెయ్యి పట్టుకుని, కోడలికి తోడు రమ్మని బతిమాలి, మా ఇద్దరినీ గేటు దాకా నడిపించారు. అత్తగారు దారంతా గొణుగుతూనే ఉన్నారు.

“పడుకుంటే రక్తం గడ్డకడతాదమ్మా. నడిత్తేనే మందు పన్జేత్తాది,” అని ఆవిడ విసుక్కోకుండా చెబుతూనే ఉన్నారు.

కట్టు విప్పేదాకా రోజూ నాతో నడిచింది మా అత్తగారే. ఉద్యోగం మానమన్న మాట ఆ నడకల్లో ఎక్కడో జారిపోయింది.

మందుచీటీ రాస్తున్నంతసేపూ డాక్టరమ్మ నిలబడే మడమలు ఎత్తుతూ దించుతూ ఉండేవారు. పొయ్యి దగ్గరైనా కుళాయి దగ్గరైనా కదలకుండా నిలబడొద్దని, వచ్చిన ప్రతి ఆడమనిషికీ అదే నేర్పేవారు. నల్లబల్ల దగ్గర నేనూ అలాగే చేస్తే పిల్లలు నన్ను చూసి మడమలెత్తి నవ్వుకునేవారు. ఇప్పటికీ అదే బళ్లో పాఠం చెబుతున్నాను. పిక్క మీద గోధుమరంగు మచ్చ ఒకటి మిగిలింది. దాన్ని చూసినప్పుడల్లా ఆవిడకి మనసులో దణ్ణం పెట్టుకుంటాను.

చర్చిలో ఆవిడ కోసం ప్రార్థన అయ్యాక, శవపెట్టె వెనకే సమాధుల తోటకి బయల్దేరాం. పెద్దవాళ్ల కోసం ఎవరో రిక్షా తెచ్చారు. మా అత్తగారు ఎక్కనన్నారు.

“ఆవిడెనక రిచ్చాలో ఎల్తే, లేసొచ్చి మరీ నడిపించేత్తాది,” అన్నారు. అంత ఏడుపులోనూ నాకు నవ్వొచ్చింది.

మేం రైలు పట్టాల దగ్గరికి చేరేసరికి గేటు పడింది. పెట్టె మోస్తున్నవాళ్లు ఆగారు, వెనక మేమూ ఆగాం. గూడ్సు బండి ఎంతకీ దాటలేదు. తల దించుకున్న నాకు ముందు మా అత్తగారి పాదాలు కనిపించాయి, పక్కన చేపలమ్మే ఆమెవి, ఆ వెనక ఎవరెవరివో. చీర కుచ్చిళ్ల కింద అన్ని మడమలూ లేస్తున్నాయి, దిగుతున్నాయి.