కుడివైపు లేని కోటు

మాస్టారికి డెబ్బై ఒకటో ఏట ఈర్ష్య పట్టుకుంది. ఆ వయసులో మనిషికి మోకాళ్ళ నొప్పి పట్టుకుంటుంది, భక్తి పట్టుకుంటుంది, ఏదీ లేకపోతే మనవల చదువుల మీద అభిప్రాయాలు పట్టుకుంటాయి. ఈయనకి అవేవీ కాకుండా, చిన్నప్పుడే వచ్చి పోవలసిన ఆటలమ్మలా ఇది ఆలస్యంగా వచ్చింది. ఆలస్యంగా వచ్చినవి గట్టిగా వస్తాయని పెద్దలంటారు. ఈ విషయంలో పెద్దలు కూడా ఆయనే కనక ఎదురు చెప్పేవాళ్ళు లేరు.

ఆయన కోట్లు కుట్టేవారు కాదు, కోసేవారు. కోట్ల దుకాణంలో ఈ తేడా చిన్నది కాదు. కుట్టేవాళ్ళు నలుగురు వెనక గదిలో మిషన్ల ముందు వంగి ఉంటారు. కత్తెర పట్టే మనిషి ఒక్కడే, ముందు గదిలో పొడవాటి బల్ల వెనక, వచ్చేపోయేవాళ్ళకి కనపడేలా నిటారుగా ఉంటాడు. నలభై ఆరేళ్ళుగా మాస్టారు అలా నిటారుగా ఉన్నారు. దుకాణం ఆయన బావగారిది. బావగారు పోయాక మేనల్లుడిదయింది. కత్తెర మాత్రం మాస్టారిది. పన్నెండంగుళాల ఇనప కత్తెర. దాన్ని ఇంకొకరు ముట్టుకోగా చూసినవాళ్ళు లేరు.

బల్లకి ఎదురుగా, కిటికీ పక్కన, ఎత్తు పీట మీద కూర్చునే ఆయన్ని అందరూ కాజాల తాత అంటారు. గుండీ దూరే చిన్న కంత చుట్టూ చేత్తో దారం అల్లడం ఆయన పని. వయసు డెబ్బై ఆరు. కళ్ళజోడు లేదు. మాస్టారి కష్టాలన్నీ ఈ చివరి రెండు వాక్యాల్లో ఉన్నాయి.

ఒకరోజు పొద్దున మేనల్లుడు బల్ల మీదికి వంగి, మాస్టారు గీసిన సుద్దగీతని చాలాసేపు చూశాడు.

"మావయ్యా, ఇక్కడ రెండు గీతలున్నాయి."

"ఒకటి గీత. రెండోది దాని నీడ."

"సుద్దకి నీడేంటి మావయ్యా? నీ కంట్లో పొర వచ్చినట్టుంది, చూపించుకో. ఈలోగా కొన్నాళ్ళు కత్తెర నేను పడతాను."

"నా కళ్ళకేం, నిక్షేపంగా ఉన్నాయి. పంపాలనుంటే ముందు ఆ పెద్దాయన్ని పంపు. నాకంటే ఐదేళ్ళు పెద్ద."

"ఆయనకేం, జోడు లేకుండా సూదిలో దారం ఎక్కిస్తాడు."

కొన్నాళ్ళు అనే మాట ఎంత పొడుగో మాస్టారికి తెలుసు. ఇస్త్రీ చేసే ఆయన చేతిలోంచి పెట్టెని ఇలాగే కొన్నాళ్ళు తీసుకున్నారు. ఇప్పుడాయన వీధి చివర బెంచీ మీద కూర్చుని దారిన పోయేవాళ్ళ చొక్కాల ముడతల గురించి దిగులుపడుతూ ఉంటాడు. కత్తెర ఒకసారి చేయి మారితే మాస్టారికి మిగిలేది ఆ బెంచీలో రెండో సగం.

ఆ రోజు నుంచి ఆయన కాజాల తాత కళ్ళ మీద నిఘా పెట్టారు. డెబ్బై ఆరేళ్ళ మనిషి కంటికి ఒక్క తప్పయినా ఉండదా? పేపరు అందించి చదవమన్నారు. "లోకం గొడవ మనకెందుకు మాస్టారూ" అని తాత దాన్ని మడిచి, ఊగుతున్న పీట కోడు కింద దూర్చాడు. గోడ గడియారంలో టైమెంతని అడిగితే, "ఆకలేస్తోందిగా, ఒంటిగంటయి ఉంటుంది" అన్నాడు. అయింది కూడా. వారం రోజులు కాపలా కాసినా మాస్టారికి దొరికింది కడుపుమంట ఒక్కటే. దానికి ఇంట్లో ఆయన భార్య మజ్జిగ ఇచ్చింది.

"ఆయన కళ్ళు బాగుంటే మీకేం నష్టం?" అంది.

"నష్టమని ఎవరన్నారు? అంత బాగుండటం మర్యాద కాదంటున్నాను."

ఈ నిఘా మధ్యలోనే వకీలుగారి కోటు బట్ట వచ్చింది. గళ్ళ బట్ట. గళ్ళు కలవాలంటే రెండు మడతలు కలిపి కోయకూడదు, ఛాతీకి రెండు వైపులా వచ్చే ముక్కలు విడివిడిగా కోయాలి. ఎడమవైపు కోశాక, అచ్చు కాగితం తిరగేసి పెడితే కుడివైపు వస్తుంది. మాస్టారు కాగితం తిరగేశారు. అంతవరకు సబబే. కానీ ఈలోగా బట్ట కూడా తిరగబడి ఉంది. దాని మంచివైపుకి కొంచెం మెరుపుంటుంది, వెనకవైపుకి ఉండదు, అంతే తేడా. ఆ మెరుపు ఆయనకి కనపడలేదు. కనపడింది కిటికీ దగ్గర మనిషి బట్టతల మెరుపు. చూపు దాని మీద, కత్తెర బట్ట మీద.

మేనల్లుడు టీకి వెళ్ళిన సమయంలో, కాజాలకి గుర్తులు పెట్టుకుందామని తాత బల్ల దగ్గరికి వచ్చాడు. ముక్కలని వేళ్ళతో తడిమి, ఒకదాని మీద ఒకటి పెట్టి, మళ్ళీ తడిమాడు.

"మాస్టారూ," అన్నాడు నెమ్మదిగా, "ఈ కోటుకి కుడివైపు లేదు."

మాస్టారు చూశారు. రెండూ ఎడమవైపులే. నలభై ఆరేళ్ళలో ఇలాంటిది కొత్తగా పనిలో చేరినవాడు చేస్తే ఆయనే నెల రోజులు పేరుపెట్టి పిలవకుండా "ఎడమబాబూ" అని పిలిచేవారు.

"బట్ట మిగిలిందిగా, ఇంకోటి కోసెయ్యండి," అన్నాడు తాత. "నేను చూళ్ళేదు."

సహాయం చేసేవాణ్ణి ద్వేషించడం ఎంత కష్టమో ద్వేషించినవాళ్ళకే తెలుసు. మాస్టారు ఆ కష్టంలో ఉండగా, తాత తన కోటు మెడపట్టీ మడత విప్పి చూపించాడు. లోపల ఇరవై సూదులు వరసగా గుచ్చి ఉన్నాయి. ప్రతి సూదికీ దారం ఎక్కించే ఉంది.

"మా కోడలు. రోజూ పొద్దున్నే, పిల్లల్ని బడికి పంపే ముందు ఎక్కించి పెడుతుంది. నేను సూదిలో దారం ఎక్కించి మూడేళ్ళయింది. కుట్టు వేళ్ళకి తెలుసు మాస్టారూ. బెజ్జం ఒక్కటే కంటిని అడుగుతుంది."

"ఇదెందుకు చెప్తున్నారు నాకు?"

"మీరు వారం నుంచి నా వంకే చూస్తున్నారు. మెడ పట్టేస్తుందేమోనని."

వీధిలో మేనల్లుడి చెప్పుల చప్పుడు వినపడింది. మాస్టారి చేతిలో ఇప్పుడు రెండు రహస్యాలున్నాయి, తనదొకటి, ఆయనదొకటి. ఒక్క మాట చాలు, జోడు లేని కళ్ళ పరువు మెట్ల మీదే రాలిపోతుంది. కిటికీ పక్క పీట ఖాళీ అవుతుంది. ఆ గొడవలో కత్తెర మాట కొన్ని నెలలు వెనక్కి పోతుంది. వారంగా ఆయన కోరుకున్నది ఇదే.

అయితే తాత అప్పటికే తిరిగి పీటెక్కి, ఏమీ ఎరగనట్టు దారం లాగుతున్నాడు. కళ్ళలోనే కాక మంచితనంలో కూడా ఈయన తనని మించిపోవడమా? అది మాస్టారు భరించగలిగినది కాదు.

"ఒరేయ్," అన్నారు, మేనల్లుడు లోపలికి రాగానే. "వకీలు కోటుకి రెండు ఎడమవైపులు కోశాను. కుడివైపుకి బట్ట ఉంది. నువ్వు కొయ్యి. రేపు కంటి డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను."

మేనల్లుడు ముక్కలనీ, ఆయన మొహాన్నీ మార్చి మార్చి చూశాడు. "ఆయన్ని కూడా తీసుకెళ్తావా మావయ్యా?"

"ఆయనకెందుకు? నిక్షేపంగా ఉన్నాయి," అన్నారు మాస్టారు. ఇంత చేదు మాట ఆయన జీవితంలో అనలేదు.

తర్వాత కత్తెరని బల్ల అవతలికి తోశారు. మేనల్లుడు దాన్ని ఎత్తి చూసి, నూనెగుడ్డలో చుట్టి సొరుగులో పెట్టాడు. "ఇది నా చేతికి బరువు. నాది నాకుంది. నువ్వు వచ్చి తీసుకో."

పొర తీయించుకుని, విశ్రాంతి అయి, నెలన్నరకి మాస్టారు తిరిగి వచ్చారు. వచ్చినవారు సొరుగు తీయలేదు. ముందు కొక్కేనికి వేలాడుతున్న ఒక కోటు తీసి, కాజాలని ఒక్కొక్కటే వెలుతురులో పరీక్షించారు. కొత్త కంటితో ఒక్క వంకరైనా దొరుకుతుందని ఆయన ఆశ. దారాలు పలువరసలా ఉన్నాయి. ఎత్తుపల్లాలు లేవు. చూపున్నవాడు కూడా అంత బాగా కుట్టలేడు.

"ఎలా ఉన్నాయి మాస్టారూ?" అన్నాడు తాత.

"కనిపిస్తున్నాయి," అన్నారు మాస్టారు, అంతకు మించి ఒక్క అక్షరం ఇవ్వకుండా. సొరుగులోంచి కత్తెర తీసుకున్నారు.

మర్నాడు పొద్దున ఇంటి నుంచి బయల్దేరుతూ గుమ్మం దగ్గర ఆగారు.

"ఇదిగో, నాలుగు సుద్దబిళ్ళలు అంచు పదును చేసి ఇస్తావా?"

"ఇన్నేళ్ళూ మీరే చేసుకున్నారుగా," అంది ఆవిడ. "ఇప్పుడు కళ్ళు కూడా బాగయ్యాయి."

"బాగయ్యాయి. అయినా సరే, నువ్వు చెయ్యి."

ఆవిడ కత్తిపీట ముందు కూర్చుంది. మాస్టారు ఆ నాలుగింటినీ, మెడపట్టీలో సూదుల్లా వరసగా, చొక్కా పైజేబులో, కిటికీ వైపు నుంచి చూసేవాళ్ళకి అంచులు బాగా కనపడేలా సర్దుకుని, దుకాణానికి వెళ్ళారు.