హస్తవాసి

నేను చెవి, ముక్కు, గొంతు ఆపరేషన్లు చేసే డాక్టర్ని. సొంత ఆసుపత్రి లేదు. ఎక్కడ డాక్టరు లేకపోతే అక్కడికి పది పదిహేను రోజులకని వెళ్ళి, మళ్ళీ పెట్టె సర్దుకుంటాను. అలా వెళ్ళే ఊళ్ళలో రాయచూరు ఒకటి. ఇలా తిరిగేవాడికి హస్తవాసిని మించిన శని లేదని అక్కడే తెలిసింది.

మట్మారి నుంచి వచ్చిన ఒకామె కూతురికి చెవి ఆపరేషన్ చేశాను. ఏళ్ళ తరబడి కారుతున్న చీము ఆగిపోయింది. అంతే, నా చేతికి పేరొచ్చింది. అక్కడి కన్నడంలో దాన్ని కైగుణ అంటారు. వింటే నాకూ బాగానే ఉండేది, అబద్ధమెందుకు?

తర్వాతి సారి, నేను వెళ్ళిపోయే రోజున ఆమె భర్తను తీసుకొచ్చింది. గొంతు బొంగురుపోయి చాన్నాళ్ళయిందట. బీడీలు మానని మనిషి. కెమెరా పైపు వేసి చూస్తే స్వరపేటికలో చిన్న గడ్డ. ముక్క తీసి పరీక్షకు పంపాలి. మత్తు డాక్టరు ఆ రోజు రాడు, తెల్లారితే నేను ఇంకో ఊళ్ళో ఉండాలి. సోమవారం వేరే డాక్టరు వస్తాడు, నాకంటే పెద్ద చదువు చదివినవాడు, ఆలస్యం చెయ్యొద్దు, ఇది క్యాన్సర్ కావచ్చు, ఇప్పుడైతే మనిషీ మాటా రెండూ దక్కుతాయని చెప్పాను. కసిరి మరీ చెప్పాను. ఆమె అన్నిటికీ తలూపింది. ఒప్పుకుందనుకున్నాను.

మళ్ళీ వెళ్ళేసరికి నెలలు గడిచి, పత్తి తీతలు కూడా అయిపోయాయి. మొదటి రోజు పొద్దున్నే వరసలో ముందు వాళ్ళే. ఆయన ఊపిరి తీస్తుంటే ఈల గుమ్మం దాకా వినిపిస్తోంది. మాట ఎప్పుడో పడిపోయిందట. సోమవారం వచ్చిన డాక్టరుకు చూపించారా అని అడిగాను.

"లేదు సారూ. వేరేటోళ్ల చెయ్యి పడనియ్యలే. మీకోసమే ఆగినం."

ఆ మాట గర్వంగా అంది. తిడదామనుకున్నాను. ఏమని తిట్టను? కూతురి చెవి బాగుచేసిన చెయ్యిని నమ్మడం తప్పా? వచ్చినవాడు వచ్చినట్టే పోయే ఆసుపత్రిలో ఇంకెవర్ని నమ్ముతుంది?

గడ్డ దారంతా మూసేసింది. మత్తు డాక్టరు కోసం చూడకుండా మెడ ముందు కోసి, శ్వాసనాళంలో గొట్టం పెట్టాను. ఊపిరాడింది. ఆమె లోపలికొచ్చి నా కుడి చేతిని కళ్ళకద్దుకుని భర్త వైపు తిరిగింది.

"జూస్తివా, నేనన్లే? సారు చెయ్యి మంచిది."

అమ్మా, ఇది ఊపిరి కోసం పెట్టిన దారి మాత్రమే, జబ్బు లోపలే ఉంది, రేపే హైదరాబాదు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళు, అక్కడైనా ఎంతవరకు చెయ్యగలరో తెలియదు అన్నాను. ఆమె ఓపిగ్గా విన్నది.

"గంత దూరం ఎందుకు సారూ? మీరు మళ్ల ఎప్పుడొస్తరో చెప్పుండ్రి. ఆగుతం."

ఆయన మాట్లాడలేడు కదా, తలూపాడు.