నన్నారి సీసాలో మా వంక నీళ్లు

మా ఊరి వంక ఎర్రగా పారకపోతే నేను ఈ ప్రయాణం పెట్టుకునేవాణ్ణి కాదు. ధర్మవరం చీరల పట్టుకు రంగులద్దే షెడ్డొకటి మా ఊరి పైభాగాన వెలిసింది. అందులో కడిగిన నీళ్లన్నీ వంకలోకి వదులుతారు. వంక పక్కనే మా మంచినీళ్ల బావి. ఎంత కరువొచ్చినా ఎండని బావి మాకు అదొక్కటే, దానిలోనూ రంగు దిగింది. అయినా ఎవరూ నోరెత్తలేదు, ఇంటికొకరు షెడ్డులో కూలికి పోతున్నారు మరి. నేను నోరెత్తాను. ఊరు నాతో మాట మానేసింది.

మానేసినవాళ్లలో ఓబులేసు ఒకడు. చిన్నప్పటి నుంచి నేను చేసిన ప్రతి తుంటరి పనిలో సగం వాడిది. ఇప్పుడు షెడ్డులో మేస్త్రి. తమాషాకు ఒక్కడు చాలడు. చేసేవాడొకడు, పక్కన నవ్వు ఆపుకునేవాడొకడు కావాలి.

నీళ్లు పాడుచేసేవాళ్ల మీద డెబ్బై నాలుగులోనే చట్టం వచ్చిందనీ, ఆ పని చూసే ఆఫీసరు అనంతపురం బంగళాలో దిగాడనీ టీ అంగట్లో విన్నాను. ఎనిమిదో తరగతి తప్పినవాణ్ణి, నీళ్ల కేసుకు నీళ్లే సాక్ష్యం అనుకున్నాను. ఇంట్లో ఖాళీగా ఉన్నది నన్నారి షర్బత్ సీసా, ఆ షర్బత్ కూడా ఎరుపే. వంకలో ముంచి బయలుదేరాను.

మీరూ పోవాలనుకుంటే ధర్మవరంలో పొద్దున్నే బస్సెక్కండి. టికెట్టు ఐదు రూపాయల లోపే, ప్రయాణం గంటన్నర. ఎడమవైపు కూర్చుంటే మొహాన ఎండ కొట్టదు. దారి పొడవునా దున్ని వదిలేసిన శనక్కాయ చేలు, వాటి వెనుక బోడి గుట్టలు. చెట్టు కనబడితే పక్కవాడికి చూపించాలనిపిస్తుంది. నా పక్కన ఎవరూ లేరు. సీసాను ఒళ్లో పెట్టుకున్నాను.

కండక్టరు ఆగాడు. "ఏమప్పా, నన్నారేనా? నాకింత పొయ్యి, గొంతెండిపోతాండాది."

"రంగునీళ్లన్నా. తాగితే టికెట్లు కొట్టేకి నువ్వుండవు."

"ఇయ్యనని చెప్పు. ఈ కతలెందుకు?"

నా అబద్ధాలన్నీ నమ్మిన లోకం, ఒక్క నిజం చెబితే మొహం తిప్పుకుంది.

బంగళాకు చేరేసరికి ఆఫీసరు స్నానం చేస్తున్నాడు. వరండాలో బల్ల మీద సీసా పెట్టి కూర్చున్నాను. వంటమనిషి అది సారుకు కానుక అనుకున్నాడు. గ్లాసులో పోసి, నిమ్మకాయ పిండి, ఆయన రాగానే చేతికిచ్చాడు. నేను కిక్కురుమనలేదు. గ్లాసు మీసం దాకా వచ్చాక అన్నాను: "తాగద్దు సార్. అదే నా కంప్లైంటు."

అలవాటు కొద్దీ పక్కకు తిరిగాను, ఓబులేసు నవ్వు ఆపుకుంటుంటే చూద్దామని. పక్కన ఖాళీ కుర్చీ ఉంది.

ఆఫీసరు చీవాట్లు పెట్టాడు. తర్వాత గ్లాసు వాసన చూసి, కుర్చీలో కూలబడ్డాడు.

"నువ్వు తెచ్చిన సీసా కోర్టులో చెల్లదయ్యా. నీళ్లు నేనే పట్టాలి. షెడ్డు వాళ్లకు అప్పటికప్పుడు చెప్పి, వాళ్ల మనిషి ఎదురుగా పట్టాలి. రెండు సీసాల్లో పంచి, సీలు వేసి, ఇద్దరం సంతకాలు పెట్టాలి."

"వాళ్ల మనిషి పెట్టనంటే?"

"నా ఒక్కడి సంతకంతోనే పంపిస్తా. మీ ఊళ్లో నీ పక్షాన ఎవరున్నారు?"

"ఈ సీసా ఉండాది సార్."

ఆయన నవ్వలేదు. జీపు తీయమన్నాడు.

షెడ్డు యజమాని బయటికి రాలేదు. ఓబులేసును పంపాడు. మోచేతుల దాకా ఎర్రరంగుతో వచ్చి, నన్ను దాటి చూస్తూ నిలబడ్డాడు. షెడ్డు కాలువ వంకలో కలిసే చోట ఆఫీసరు నీళ్లు పట్టి, రెండు సీసాలకూ సీలు వేశాడు. సంతకం బలవంతం కాదని వాడికి ముందే చెప్పాడు.

"పెడితే మా కూలి పోతాదా సార్?" అడిగాడు ఓబులేసు.

"ముందు పరీక్ష. తప్పని తేలితే నీళ్లు శుభ్రం చేసి వదలమంటాం. వినకపోతే కోర్టు. ఆ పైన ఏమవుతుందో నేను మాటివ్వలేను."

ఓబులేసు బావి వైపు చూశాడు. తర్వాత సీసాలకు అంటించిన రెండు చీటీల మీదా సంతకం పెట్టాడు. అక్షరాల పక్కన వాడి బొటనవేలి ఎరుపు అంటింది.

జీపు డ్రైవరు ఉండబట్టలేక అన్నాడు: "ఈ పెద్దమనిషి పొద్దున ఈ నీళ్లనే నిమ్మకాయ పిండి మా సారుకు తాపబోయినాడప్పా!"

ఓబులేసు గబుక్కున వంక వైపు తిరిగాడు. వీపు ఒక్కసారి కదిలింది. లోపలి నుంచి యజమాని పిలిచాడు. ఓబులేసు నా వైపు తిరగకుండానే వెళ్లిపోయాడు.

పరీక్ష ఫలితం ఇంకా రాలేదు. వంక ఎర్రగానే పారుతోంది, ఊరు ఇంకా మాట్లాడటం లేదు. ఓబులేసు కూడా. కానీ నవ్వు ఆపుకోవాల్సి వచ్చినప్పుడల్లా వాడు అలాగే అటు తిరుగుతాడు. ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు.

మీ ఊరి నీళ్లూ రంగు మారితే సీసా మోసుకుపోకండి, ఆఫీసరునే పిలుచుకురండి. పోయేటప్పుడు తోడుగా ఒక మనిషిని తీసుకుపొండి. చట్టానికి ఆ మనిషి అక్కర్లేదు. బస్సులో పక్క సీటుకు కావాలి.