పెద్దమ్మ ఆగే చోటు

పెదనాన్నకు పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పడిపోయాక లాలాగూడలోని మా చర్చిలో హార్మోనియం మూలన పడింది. కుడి చెయ్యి బాగానే ఉంది గానీ, గాలి కొట్టడానికి ఎడమ చెయ్యి కావాలి. స్త్రీల చేత పాటలు పాడించే పెద్దమ్మ నాకు ఫోన్ చేసి, "కంప్యూటర్ల మ్యూజిక్ చెయ్యొచ్చంట గద బిడ్డా. నాలుగు పాటలకు చేసియ్యి" అంది.

నేను యూనివర్సిటీ క్యాంపస్‌లో కెమిస్ట్రీ పరిశోధన చేస్తూ తార్నాకలో ఒక గదిలో ఉండేదాన్ని. థీసిస్ రాసుకునే పాత కంప్యూటర్ ఉంది. వారం పని అనుకున్నాను. రెండు నెలలు పోయాయి.

మొదట ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ వేసి, చిన్న కీబోర్డు తగిలించాను. పెదనాన్నే వాయిస్తే రికార్డు చేద్దామని పిలిచాను. ఆయన ఎంతో ఇష్టంగా వచ్చి కూర్చున్నారు. మెట్టు నొక్కితే స్వరం ఒక క్షణం ఆలస్యంగా వచ్చింది. రెండు చరణాలు తంటాలు పడి చెయ్యి తీసేశారు.

"నాకే అనుకున్న, దీనికి గూడ పక్షవాతమేనా" అన్నారు. మళ్లీ కీబోర్డు ముట్టలేదు.

ల్యాబ్‌లో గిటారు వాయించే స్నేహితుడు, "సెట్టింగ్స్ మార్చు, అయితది" అన్నాడు. మార్చాను. ఉన్న శబ్దం కూడా పోయింది.

రెండో సాఫ్ట్‌వేర్ చాలా బాగుంది. ఆలస్యం లేదు. ఒక్కో స్వరాన్నీ తెరమీద గడిలో పెట్టుకుంటూ మూడు పాటలు కట్టాను. ఉచితంగా వాడుకోనిచ్చే ట్రయల్ గడువు ముగిసిన మర్నాడు నా ఫైళ్లు నాకే తెరుచుకోలేదు.

మూడోది ఇంటర్నెట్‌లోనే నడిచేది. గదిలో నెట్ ఆగుతూ ఉండటంతో క్యాంపస్ లైబ్రరీ మెట్ల మీద కూర్చుని, స్నేహితుడి ల్యాప్‌టాప్‌లో ఒక పాట పూర్తి చేశాను. ఆదివారం మధ్యాహ్నం నెట్ ఉన్న వేళ చూసి పెద్దమ్మను గదికి పిలిచి వినిపించాను.

ఆవిడ పాడింది. చరణం చివర ఆగింది. పాట ఆగలేదు.

"గది ఆగదా?"

"ఆగదు పెద్దమ్మా. మీరే దానితోపాటు పోవాలె."

"ముసలోళ్లు ఊపిరి తీసుకోవద్దా మరి?"

ఆవిడ ఆగిన ప్రతిచోటా వేగం తగ్గించి మళ్లీ వినిపించాను. ఈసారి వేరే చోట ఆగింది. మూడోసారి ఇంకోచోట. నాకు ఓపిక చచ్చిపోయింది.

"ఒక్కసారన్నా ఒక్కతీరుగ పాడరాదా?" అన్నాను గట్టిగా.

పెద్దమ్మ చీరకొంగు సర్దుకుంది. "మీ పెదనాన్న నా మొకం జూసి వాయించెటోడు బిడ్డా. నేనెన్నడు లెక్కబెట్టి పాడలే" అంది. నేను క్షమాపణ అడిగాను. ఆవిడ తలూపింది గానీ, టీ తాగకుండానే లాలాగూడ ఆటో ఎక్కింది.

పై ఆదివారం చర్చిలో వాద్యం లేకుండానే పాడారు. బాగానే పాడారు. నాలుగు పాటలూ ఎవరి ఊపిరికి తగ్గట్టు వాళ్లు సాగదీశారు. "గిట్లనే మంచిగున్నది, నువ్వు పరేషాన్ కాకు" అంది పెద్దమ్మ బయటికొస్తూ. నన్ను ఊరడించడానికే అలా అన్నదని తెలుసు. నాకు మాత్రం ఊరట కలగలేదు. రెండు నెలలు ఏ సాఫ్ట్‌వేర్ మంచిదో పోల్చి చూశానే తప్ప, ఆవిడ ఎలా పాడుతుందో ముందు ఒక్కసారి కూర్చుని వినలేదు.