ఊదమన్న రోజు

సంతర్పణ పందిట్లో, నలభై మంది విస్తళ్ల ముందు కూర్చుని ఉండగా, నా కొడుకుతో "ఊదు" అన్నాను. ఆ రోజు నేను చేసిన తప్పు అదొక్కటే అని కాసేపు అనుకున్నాను.

ఆ మాట నా ఉద్యోగంలోది. భిలాయిలో, ఉక్కు ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల దగ్గర ఫోర్‌మన్‌ని. షిఫ్టు మొదలయ్యే ముందు మనుషుల్ని వరసలో నిలబెట్టి, అనుమానం వచ్చినవాణ్ని నా మొహం మీదకి ఊదమనేవాణ్ని. వాసన వస్తే ఇంటికి పంపేసేవాణ్ని. ఓవెన్ల పైన కాలు తూలితే ప్రాణం దక్కదు. అందుకని అది సరైన పనే. కానీ ఆ మాట అలవాటై నాతోపాటు క్వార్టరు దాకా వచ్చేసింది.

మావాడు పాలిటెక్నిక్‌లో ఉండగా తాగుడు మొదలుపెట్టాడు. రెండేళ్లలో చదువు పోయింది, చేతులు వణకడం మొదలైంది. రాయ్‌పూర్ దారిలో కుమ్హారి ఊరు దాటాక, తాగుడు మానిపించే చోట ఒకటుంటే అక్కడ నెల రోజులు ఉంచాం. ఇరుగుపొరుగుకి మాత్రం పచ్చకామెర్లని, విజయనగరంలో నాయనమ్మ దగ్గర పథ్యం చేస్తున్నాడని చెప్పాను. అసలు సంగతి అందరికీ తెలుసు. "బాబుకి ఒంట్లో ఎలాగుంది?" అని అడిగి ఊరుకునేవారు. తెలియనట్టు ఉండడం వాళ్ల మర్యాద.

వాడు తిరిగొచ్చి పదకొండు నెలలైంది. ఒక్క చుక్క ముట్టలేదు. ఆ ఏడాది వినాయక చవితికి మా సెక్టారులో తెలుగువాళ్లు సంతర్పణ పెట్టుకుంటే, వంట దగ్గర ఉండమని పెద్దలు వాణ్నే పిలిచారు. ఆ పిలుపు వాడికి ఎంత పెద్దదో నేను ఆలోచించలేదు. తెల్లవారకముందే వెళ్లి కట్టెల పొయ్యిలు ముట్టించాడట.

నేను రాత్రి షిఫ్టు దిగి, పడుకుని లేచి, మధ్యాహ్నం వెళ్లాను. వాడు పులిహోర బేసిన్ పట్టుకుని వరసల మధ్య నుంచి వస్తున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. అడుగు కొంచెం తూలినట్టనిపించింది.

"ఇలా రా. ఊదు."

"ఏటి నాన్నా?"

"ఊదమన్నాను."

విస్తళ్ల ముందున్నవాళ్లు తలెత్తి చూశారు. వాడు బేసిన్ అలాగే పట్టుకుని నా మొహం మీదకి ఊదాడు. పొద్దుటినుంచీ ఏమీ తినని నోటి వాసన. అంతే.

"చెక్ హో గయా, నాన్నా? అయిపోయిందా?" అన్నాడు. బేసిన్ పక్కవాడి చేతికిచ్చి బయటికి నడిచాడు.

"కళ్లెర్రగుంటే తాగీసినట్టేనేటి? ఆ పొగలో నువ్వోసారి కూకో, నీ కళ్లు ఎలాగుంటాయో సూద్దుం," అన్నాడు మా పక్క క్వార్టరు పెద్దాయన.

నా భార్య దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది. "మిమ్మల్ని ఎవులైనా ఊదమన్నారేటి?"

నా నోట్లో లవంగం ఉంది. రాత్రి షిఫ్టు దిగిన ప్రతి పొద్దునా, ఓవెన్ల వేడి దిగాలని రెండు గ్లాసుల మందు వేసుకుని పడుకోవడం, లేచాక వాసన రాకుండా లవంగం నమలడం నాకు ఇరవై ఏళ్ల అలవాటు. డ్యూటీకి ముందు ఎప్పుడూ ముట్టలేదు కాబట్టి దాన్ని తాగుడు అనుకోలేదు. ఆ పొద్దున కూడా వేసుకున్నాను.

వాణ్ని వెతుకుతూ స్కూటరు తీసుకుని పవర్ హౌస్ బజారు‌కి వెళ్లాను. మళ్లీ మొదలుపెడితే నా మాట వల్లే మొదలుపెడతాడు. ముందు సారా దుకాణంలోకి తొంగిచూశాను. లేడు. గుండె కుదుటపడింది గానీ, కొడుకుని వెతకడానికి మొదట అక్కడికే వెళ్లినందుకు తల ఎత్తలేకపోయాను.

బస్సులు ఆగే చోట టీ కొట్టు బల్ల మీద ఉన్నాడు. ముందు మూడు ఖాళీ గ్లాసులు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు.

"ఎక్కడికి?"

"కుమ్హారి. తాగాలనుంది. అందుకే అక్కడికి ఎల్తున్నాను. మళ్లీ ఊదీమంటారా?"

"వద్దు. ఇవాళ ఊదాల్సింది నేను."

వంగి వాడి మొహం మీదకి ఊదాను. వాడు తల తిప్పుకోలేదు.

"లవంగం," అన్నాడు. "కొత్తేటుంది? చిన్నప్పుడు నాన్న వాసనంటే ఇదే అనుకునేవోణ్ని."

రాయ్‌పూర్ బస్సు వచ్చింది. స్కూటరు టీ కొట్టాయనకి అప్పజెప్పి నేనూ ఎక్కాను. వాడు కుమ్హారిలో ఉన్న నెల రోజుల్లో ఎప్పుడు వెళ్లినా గేటు దగ్గర బట్టలిచ్చి తిరిగొచ్చేసేవాణ్ని. ఆ సాయంత్రం లోపలికి వెళ్లి, చాప మీద వాడి పక్కన కూర్చున్నాను. అక్కడ ఒక్కొక్కరే తమ తాగుడు గురించి చెప్పుకుంటారు. నా వంతు వచ్చినప్పుడు లవంగం సంగతి చెప్పాను.

చీకటి పడ్డాక ఇద్దరం తిరిగొచ్చాం. ఆ రాత్రి డ్యూటీ చేసి, పొద్దున దిగాక ఏమీ వేసుకోకుండా సరాసరి పందిట్లోకి వెళ్లాను. ముందురోజు భోంచేసిన పెద్దలు చాలామంది అక్కడే ఉన్నారు. "నిన్న మావాడి నోట్లో ఏమీ లేదు. ఉన్నది నా నోట్లో. పచ్చకామెర్లన్నది కూడా అబద్ధమే," అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు, రెండోసారి చెప్పాల్సి వచ్చింది.

పక్క క్వార్టరు పెద్దాయన, "సర్లే బాబూ. గుండిగలు తోమాలి, మనుషులు సాలట్లేదు," అన్నాడు.

ప్యాంటు మడిచి పులిహోర గుండిగ ముందు కూర్చున్నాను. అప్పటికే అక్కడికి వచ్చిన మావాడు బక్కెట్టుతో నీళ్లు తెచ్చి పోస్తున్నాడు. మూడో బక్కెట్టప్పుడు లోపలికి వంగి చూశాడు.

"అడుగు మాడిపోయింది నాన్నా. పైపైన రుద్దితే పోదు."

చింతపండు పిప్పి ఇంకాస్త తీసుకుని తోమాను.