కాటా మీద రెండు వందల పన్నెండు

దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళంటే నాకు మొదట్నుంచీ చిరాకు. సంతకం, తేదీ ఉన్న కాగితం చూపిస్తే తప్ప నేను దేన్నీ నమ్మను. నా ఉద్యోగం కూడా అలాంటిదే. ఇది చదివి నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి. ఇన్నేళ్ళయినా నాకు మాత్రం ఒళ్ళు మండుతూనే ఉంది.

డబ్లిన్ పక్కన శాండీఫోర్డ్‌లో, విమానాలు అద్దెకిచ్చే ఒక కంపెనీలో పనిచేసేదాన్ని. ఆ విమానాల రికార్డులు సరిచూడటం నా పని. వాటిలో ఒక చిన్న పంకాల విమానం హిమాలయాల్లో ఒక బుల్లి ఎయిర్‌లైన్ దగ్గర ఉండేది. రిటైరైన పైలట్ ఒకాయన ఎప్పుడో దాన్ని ఒక్క విమానంతో మొదలుపెట్టాడు. మంచుకి రోడ్లు మూసుకుపోయే ఊళ్ళకి ఉప్పు, మందులు మోసేది అదే. పురిటికెళ్ళే ఆడవాళ్ళు, పరీక్షలకెళ్ళే పిల్లలు కిందికి దిగేది కూడా అందులోనే.

అంత ఎత్తున గాలి పల్చగా ఉంటుంది. ఇంజిన్‌కి బలం చాలదు, రెక్కకి పట్టు చాలదు. అందుకని సగం సీట్లు ఖాళీగా వదిలేసేవాళ్ళు. ఎండెక్కితే గాలి ఇంకా పల్చబడుతుంది, లోయలోంచి ఈదురుగాలి లేస్తుంది. పదకొండు దాటితే విమానం లేపరు. ఆ కొండమీది రన్‌వే దగ్గర దోర్జే అనే పెద్దాయన ప్రయాణికుల్ని సైతం ధాన్యం తూచే కాటా ఎక్కించి తూచేవాడు. కాగితం మీద రాసిన బరువుని ఆయన నమ్మడు. ఆ విషయంలో మా ఇద్దరికీ అసలు పడేది కాదు.

మా ఆఫీసులో హిందీ వచ్చింది నాకొక్కదానికే కాబట్టి వారానికోసారి నాకే ఫోన్ చేసేవాడు. "ఆంధ్రా బెహన్‌జీ, చలి ఎలా ఉంది?" అని నవ్వుతూ మొదలుపెట్టేవాడు.

కరోనా వచ్చి విమానాలు ఆగిపోయాయి. అద్దె రాలేదని మా మేనేజర్ డెక్లన్ లీజు రద్దు చేశాడు. విమానం ఆ కొండమీదే ఉండాలి, అంగుళం కదపకూడదని నోటీసిచ్చాం. రెండు రోజులకి వాళ్ళ దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. ముగ్గురు రోగులున్నారు, రోడ్డు మంచులో ఉంది, కింద ఆసుపత్రికి ఒక్క ట్రిప్పు వేసుకోనివ్వండి అని. ఒకాయనకి ఆక్సిజన్ డెబ్బై ఎనిమిదికి పడిపోయిందని రాశారు. పేర్లు రాయలేదు.

నా భర్త డ్రోహెడాలో ఆసుపత్రి నర్సు. డెబ్బై ఎనిమిదంటే ఏమిటో ఆ రోజుల్లో మా తొమ్మిదేళ్ళ పాప కూడా చెప్పగలదు. వెంటనే డెక్లన్‌కి ఫోన్ చేశాను. ఇన్సూరెన్స్ లేదు, కుదరదని రాసెయ్ అన్నాడు. నేను నసుగుతుంటే "యూ ఆర్ గ్రాండ్" అని, అంటే నీకేం ఫర్వాలేదులే అని, పెట్టేశాడు. గ్రాండట! అవతల మనిషికి ఊపిరాడకపోతే ఇక్కడ మేం గ్రాండ్.

కుదరదని మెయిల్ టైప్ చేసింది నేనే. కింద ఉన్న పేరు కూడా నాదే.

వారం తర్వాత అదే విమానాన్ని వెనక్కి తెప్పించుకునే ఏర్పాట్లు మొదలయ్యాయి. దీనికి మాత్రం ఇన్సూరెన్స్ ఒక్కరోజులో దొరికింది! ఈలోపు రోడ్డు మీద మంచు తీస్తే ఇద్దరు పైలట్లు పైకి వెళ్ళారు. అక్కడి షెడ్డులో ఉన్న స్పేర్ ప్రొపెల్లర్ పెట్టెని కూడా ఎక్కించుకుని మధ్యాహ్నం ఒంటిగంటకి బయలుదేరాలన్నది డెక్లన్ ప్లాను. పెట్టె బరువు కాగితంలో నూట నలభై కిలోలని ఉంది. అన్నీ సరిగ్గా ఉన్నాయని నేను సంతకం పెడితే చాలు.

ముందురోజు ఉదయం ఎనిమిదింటికి వంటింటి బల్ల దగ్గర ఆ కాగితాలు తెరుచుకుని కూర్చున్నాను. ఎదురుగా పాప ఆన్‌లైన్ క్లాసు కోసం సిద్ధమవుతోంది. కిటికీ అవతల లువాస్ ట్రామ్ ఖాళీగా పోతోంది. ఫోన్ మోగింది. ఆ రన్‌వే దగ్గరి గది నంబరు. స్పీకర్‌లో పెట్టాను. ముందు దగ్గు వినిపించింది, తర్వాత దోర్జే గొంతు.

"ఆంధ్రా బెహన్‌జీ, ఆ పెట్టె నా కాటా మీద రెండు వందల పన్నెండు. పదకొండు దాటాక విమానం లేపొద్దని చెప్పండి."

చలి ఎలా ఉందని అడగలేదు. పాప నోటుబుక్కు అట్ట మీద 212 అని రాసుకున్నాను. ఒంట్లో ఎలా ఉందని అడిగేలోపు లైను పోయింది.

"దట్ మ్యాన్స్ కాఫ్ ఈజ్ డెస్పరేట్, మామ్," అంది పాప, ఆ దగ్గు మరీ ఘోరంగా ఉందని.

సంతకం ఆపేశాను. దోర్జే ఫోన్ చేశాడని, పెట్టెని తూచాకే కదలమని పైలట్లకీ డెక్లన్‌కీ మెయిల్ పెట్టాను. డెక్లన్ ఫోన్లో అంతెత్తున లేచాడు. కాగితం ఉండగా ఎవడో ముసలాయన మాటేమిటన్నాడు. పైలట్లు మాత్రం కాటా తెప్పించి తూచారు. సరిగ్గా రెండు వందల పన్నెండు. పెట్టెని అక్కడే వదిలేసి మర్నాడు తెల్లారగానే బయలుదేరారు. అంత తేలిగ్గా ఉండి కూడా రన్‌వే అంచు దాకా వెళ్ళాకగానీ చక్రాలు లేవలేదట. మధ్యాహ్నం పెట్టెతో లేచుంటే లోయలోకే పోయేవాళ్ళమని పైలట్ రాశాడు.

ఆ సాయంత్రం ఎయిర్‌లైన్ ఓనరు నాకొక్కదానికే మెయిల్ పంపాడు. మీకు ఫోన్ వచ్చిన రోజుకి దోర్జే పోయి అయిదు రోజులు అని రాశాడు. అప్పట్నుంచి ఫోనూ కాటా ఉన్న ఆ గదికి తాళమే. తాళంచెవి ఓనరు జేబులోనే ఉందట. పైలట్లకి కాటా కావాలంటే తనే వెళ్ళి తలుపు తీశాడట. ఆక్సిజన్ డెబ్బై ఎనిమిది ఉన్న మనిషి దోర్జేయేనట. నా మెయిల్ మంచం పక్కన కూర్చుని చదివి వినిపించింది కూడా తనేనట. ఆ మంచం మీంచి చూస్తే కిటికీలోంచి విమానం కనిపించేదట.

పైలట్లని కాపాడినందుకు ఆఫీసులో డెక్లన్‌ని మెచ్చుకున్నారు. నేను రాజీనామా ఇచ్చాను. అదేమీ గొప్ప కాదు, అప్పటికే ఆలస్యమైపోయింది.

ఆ కాల్ నా పాత ఫోన్లో ఇప్పటికీ ఉంది. నోటుబుక్కు అట్టా ఉంది. పాపనడిగితే ఆ దగ్గు తనకి గుర్తే అంటుంది. ఇంకో తాళంచెవి ఉందేమో, ఇంకెవరో ఆ గొంతుతో మాట్లాడారేమో అని అన్ని రకాలుగా ఆలోచించాను. ఏదీ అతకలేదు.

నా పేరు విన్నాకే కదా ఆయన పోయింది. మరి ఫోన్ చేసినవాడు తిట్టొచ్చు కదా! ఆ రోజు ఎందుకు పంపలేదని ఒక్క మాట అడగొచ్చు కదా! పెట్టె బరువు చెప్పి పెట్టేశాడు. ఆ ఫోన్ ఎలా వచ్చిందో నాకు తెలియదు. నన్నెందుకు తిట్టలేదో అసలే తెలియదు.