డోళ్లు కనబడే చోటు

ఎర్విన్ కోస్లిచెక్ వియన్నాలో ఏళ్ల తరబడి ట్రామ్ నడిపాడు. మార్చిలో ఒక ముసలాయన ఆగివున్న లారీ వెనకనుంచి పట్టాల మీదికి వచ్చాడు. బ్రేకు కీచుమంది. ఒక్క క్షణం ఏమీ వినబడలేదు. ఆ తర్వాత దెబ్బ. ముసలాయన బతికాడు కాని, ఆ మధ్యలోని నిశ్శబ్దం ఎర్విన్ చెవుల్లో ఉండిపోయింది. వంటింట్లో మూత కింద పడినా చేతులు వణికేవి. సోమవారం పరీక్షాధికారి పక్కన ఉండగా మళ్లీ ట్రామ్ నడపాలి. నడపలేకపోతే ఇక డిపోలో బండ్లు కడగడమే.

"శాస్త్రీయ సంగీతం వినండి, మెల్లగా సాగేది" అన్నాడు డాక్టరు. ఆ ఊళ్లో పుట్టి కూడా ఎర్విన్ ఎన్నడూ దాని జోలికి పోలేదు. గ్రంథాలయం నుంచి డిస్కులు తెచ్చి, ఆపే మీట మీద వేలు ఉంచుకుని కూర్చునేవాడు. మెల్లగా సాగేదే ఎక్కువ భయపెట్టింది. అంత మెల్లగా వస్తోందంటే వెనక ఏదో పొంచి ఉన్నట్టే అనిపించేది.

పై అంతస్తులో ఫ్రావ్ నవ్రాటిల్ అనే పెద్దావిడ ఉంటుంది. దర్జీ పని మానేశాక ఆమె సాయంత్రాలన్నీ ఒపెరా అనే పాటల నాటకశాలలో, నిలబడి చూసే చౌక టికెట్టు మీదే గడుస్తున్నాయి. ఒకరోజు దిగివచ్చి తలుపు తట్టింది.

"ఏమయ్యా ఎర్విన్, ఏ పాటనీ నిమిషం దాటనివ్వవేం?"

"తర్వాత ఏం మోగుతుందో తెలీదు కదండీ, ఫ్రావ్ నవ్రాటిల్."

"మీట మీద వేలు పెట్టుకుంటే అది వినడం కాదు, కాపలా కాయడం. రేపు నాతో ఒపెరాకు రా. అక్కడ మీటలుండవు."

ఒపెరా పై గ్యాలరీలో నిలుచునేవాళ్లు తమ చోట ముందున్న కమ్మీకి మఫ్లర్ కట్టి కాఫీకి పోతారు. కట్టి ఉన్నంతసేపూ ఆ చోటు ఎవరూ ముట్టరు. ఎర్విన్ తలుపు పక్కనే కట్టాడు. రోజూ ఆ గ్యాలరీకి వచ్చే పోస్ట్‌మాన్ ప్రోహాస్కా అది చూశాడు.

"తలుపు దగ్గర కట్టేవాళ్లు పాటకు రారు, ఆట అవగానే అందరికంటే ముందు కోటు తీసుకుని పోడానికొస్తారు."

"కొత్తవాడు, వదిలెయ్" అంది ఫ్రావ్ నవ్రాటిల్.

"ఆ ముడే చెబుతోందిలే. ఉరితాడులా బిగించాడు."

మొదటి అంకంలో ఎవరు ఏం పాడారో ఎర్విన్‌కు తెలియలేదు. డోలు దెబ్బ కోసమే ఎదురుచూశాడు. అది పడేసరికి చొక్కా వీపుకు అతుక్కుపోయింది. విరామంలో ఎవరికీ చెప్పకుండా మఫ్లర్ విప్పుకుని మెట్లు దిగాడు. బయట మలుపు దగ్గర ట్రామ్ గంట కొట్టింది. అటు పోలేక వెనుదిరిగాడు. మళ్లీ లోపలికి వచ్చాడు.

అతని చోట ఇంకెవరిదో బూడిదరంగు మఫ్లర్ ఉంది.

"విప్పావంటే వెళ్లిపోయినట్టే" అన్నాడు ప్రోహాస్కా. "ఇక్కడంతే. ఆ చివర ఖాళీ ఉంది చూడు. వేదిక మీది రాజుగారి బూట్లు కూడా కనబడవు. డోళ్లు మాత్రం బాగా కనబడతాయి."

ఆ చివరకు చేరేసరికి తనకూ తలుపుకూ మధ్య గుంపు నిండిపోయింది. దీపాలు ఆరాయి. ఎర్విన్ కమ్మీ పట్టుకుని కిందికి చూశాడు. వేదిక ముందు వాద్యకారులు కూర్చునే గుంటలో రాగి డోళ్ల వెనక ఒక బట్టతల మనిషి ఉన్నాడు. చెవి తోలుకు ఆనించి, వేలితో తట్టి, పెదవులు కదుపుతూ లెక్కపెట్టుకుంటున్నాడు. వాద్యాలన్నీ సన్నగిల్లాయి. ఆ మనిషి లేచాడు, చేతులెత్తాడు.

దెబ్బ పడింది. ఒళ్లు జలదరించింది. అయితే అది ఎక్కడినుంచో వచ్చి మీద పడలేదు. కళ్లముందే ఒక మనిషి చేతిలోంచి బయల్దేరింది. ఆ తర్వాత ఎర్విన్ ఆ చేతులనుంచి చూపు తిప్పలేదు. చేతులు లేచిన ప్రతిసారీ భయం లేచింది. చేతులు దిగినప్పుడు కొంచెం దిగింది.

"ఎలా ఉంది?" అని బయట అడిగింది ఫ్రావ్ నవ్రాటిల్.

"భయమేసింది. రేపూ వస్తాను. మోత ఎక్కువుండేది ఏదన్నా ఉందా?"

"డాక్టరు మెల్లనిదన్నాడుగా."

"మెల్లనిదాంట్లో ఆ డోళ్లాయన చేతులెత్తడు కదండీ."

సోమవారం అతన్ని ప్రమాదం జరిగిన ఆ వీధిలోకే పంపారు. ఆగివున్న ప్రతి బండి దగ్గరా వేగం తగ్గించి, చక్రాల మధ్యనుంచి అవతల నిలుచున్నవారి కాళ్లేమైనా కనబడతాయేమోనని చూశాడు. గంట కొట్టాల్సిన చోటల్లా కొట్టాడు.

"వణుకుతున్నారు" అన్నాడు పరీక్షాధికారి.

"అవునండి."

"ఆలస్యం కూడా అయింది. సరే, రేపు ప్రయాణికులతో నడపండి."

ఎర్విన్ తలూపాడు.